పిట్టల చదువు ఫీజు

తమ్ముడి పన్ను రిటర్ను మళ్ళీ తిరిగొచ్చింది. పంపే బొత్తాం మీద నుంచి వేలు తీసిందో లేదో, గోడకు కొట్టిన బంతిలా వచ్చి తెర మీద ఎర్రటి అక్షరాలై కూర్చుంది. ట్యాక్సక్క కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని, కంప్యూటర్ని ఎగాదిగా చూసి, "నీ మొహం మండ, ఏం పుట్టిందే నీకు?" అంది. కంప్యూటరు మాత్రం ఏం చేస్తుంది పాపం, చెప్పాల్సింది ఎర్రగా చెప్పేసింది.

ఆవిడ అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు, అవసరమూ లేదు. తాళంచెవులు కోసే కొట్టు పైన చిన్న గది అద్దెకు తీసుకుని, వచ్చినవాళ్ళందరి పన్ను లెక్కలూ రాసిపెడుతుంది కాబట్టి ట్యాక్సక్క. కింద మిషను తిరిగినప్పుడల్లా పైన ఆవిడ బల్ల మీది గ్లాసులో నీళ్ళు వణుకుతాయి, ఆవిడ నరాలు కూడా. గడువు దగ్గరపడే ఈ రోజుల్లో అయితే మరీను. బేకరీ ఆయన రసీదులన్నీ నూనె ఓడే కాగితం సంచిలో కుక్కి తెస్తాడు. కుట్టుమిషన్లు బాగుచేసే ఆయన అసలు రసీదులే పెట్టుకోడు, అన్నీ నోటితో చెబుతాడు. వీళ్ళనైనా భరించవచ్చు. కస్టమర్లు డబ్బిచ్చి భయపడుతూ కూర్చుంటారు. చుట్టాలున్నారే, వాళ్ళు పైసా ఇవ్వరు, పైగా సలహాలు చెబుతారు. అందులో సొంత తమ్ముడొకడు.

ఎర్ర అక్షరాల సారాంశం ఇది. ఈయన తన కింద చూపించుకున్న విద్యార్థిని, అంటే ఈయన కూతురు, ఇప్పటికే సొంతంగా రిటర్ను పంపించేసింది. అందులో 'మిమ్మల్ని పోషించేవారు ఉన్నారా?' అన్న ప్రశ్నకి 'లేరు' అని జవాబిచ్చింది. కాబట్టి ఈయన రిటర్ను చెల్లదు.

ఏటా రాసినట్టే పిల్లని తమ్ముడి కింద రాసిన ట్యాక్సక్కకి ఒళ్ళు మండింది. కాలేజీలో చదివే పిల్లని తండ్రి తన కింద చూపించుకుని, ఫీజు కట్టింది తానేనని రాసిస్తే, కట్టినదాంట్లో కొంత పన్నులోంచి తగ్గుతుంది. పిల్లే ముందుగా వెళ్ళి నాకెవరూ లేరని రాసేస్తే, ఇక తండ్రి తలకిందులుగా తపస్సు చేసినా ఆ తగ్గింపు రాదు. ఇంత చిన్న విషయం! ఒక్క ఫోను చేసి 'అత్తా, ఈ గడిలో ఏం పెట్టను?' అని అడిగితే ఆ పిల్ల సొమ్మేం పోయేది?

వెంటనే తమ్ముడికి ఫోను చేసింది. వాడు లిఫ్టుల మెకానిక్కు.

"ఒరేయ్, ఎక్కడ చచ్చావు?"

"తొమ్మిదో అంతస్తులో అక్కా. లిఫ్టు నెత్తి మీద కూర్చున్నాను."

"దిగి రా."

"దిగాలంటే ముందు ఇది దిగాలి కదా. అదే దిగనంటోంది."

మధ్యాహ్నం దాటాక వచ్చాడు. మోచేతుల దాకా నల్లటి గ్రీజు, చొక్కా జేబులో టెస్టరు. కుర్చీకి మరక పడుతుందని ఆవిడ పాత పేపరు పరిచి, వాడు కూర్చున్నాక తెర వాడి వైపు తిప్పింది.

"నీ కూతురికి దిక్కెవరూ లేరటరా. ఇదిగో, గవర్నమెంటుకి రాసిచ్చింది."

తమ్ముడు చదివాడు. ఇంకోసారి చదివాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. నోరు మాత్రం తగ్గలేదు. "రాస్తే రాసింది. పోనీ," అన్నాడు.

"పోనీ ఏమిట్రా, పోనీ! దాని ఫీజు ఎవరు కడుతున్నారు అసలు? స్కాలర్‌షిప్పు సగానికే కదా వస్తోంది?"

వాడు జేబులోంచి టెస్టరు తీసి, మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాడు.

"మరదలు కడుతోందా? ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికితే ఎంతొస్తుందో నాకు తెలియదనుకున్నావా? దాని లెక్క రాసేది కూడా నేనే. ఆ జీతంతో కాలేజీ గేటు కూడా దాటలేరు."

"దాని తల్లి చేత్తోనే వెళుతోంది," అన్నాడు గోడ మీది క్యాలెండరు వంక చూస్తూ.

"చెయ్యి ఎవరిదని అడగలేదు. డబ్బెవరిది?"

వాడు వేళ్ళకంటిన గ్రీజు కింద పరిచిన పేపరుకి తుడుచుకున్నాడు.

"ఏం, నోట్లో ముత్యాలున్నాయా, విప్పితే రాలిపోవడానికి?"

"నాదే," అన్నాడు చివరికి, దొంగతనం ఒప్పుకుంటున్నట్టు. "నాది కాక ఇంకెవరిది?"

ఇక్కడ సంగతి కొంచెం చెప్పాలి. రెండేళ్ళ కిందట ఆ పిల్ల సెలవులకి ఇంటికొచ్చి, మందుల చదువు వదిలేసి పక్షుల చదువులో చేరానని చెప్పింది. చేరనా అని అడగలేదు, చేరానని చెప్పింది. కూతురి చేత మందుల కొట్టు పెట్టించాలని తమ్ముడు అప్పటికే దుకాణం గది బేరమాడుతున్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. వాకిట్లో నిలబడి వీధి వీధంతా వినేలా అరిచాడు: పిట్టల్ని లెక్కపెట్టుకునే చదువుకి నా చేత్తో పైసా కట్టను, ఇవాళ్టి నుంచి నీ చదువుకీ నాకూ సంబంధం లేదు, పో. ఆ పిల్ల మాత్రం తక్కువ తిన్నదా? ఆ తండ్రికి పుట్టిందే కదా. సంచి భుజాన తగిలించుకుని ఆ పూటే వెళ్ళిపోయింది. అప్పట్నుంచీ తండ్రీకూతుళ్ళకి మాటల్లేవు, పిల్ల ఇంటి గడప తొక్కలేదు. ఇదంతా చుట్టాలందరికీ తెలుసు. డబ్బు సంగతే ఎవరికీ తెలియదు.

"నా చేత్తో కట్టనన్నాను. కట్టలేదు," అన్నాడు తమ్ముడు, కోర్టులో వాదిస్తున్నట్టు. "దాని తల్లి చేతిలో పెట్టాను. అదే కట్టింది."

"ఓరి నీ తెలివి తెల్లారినట్టే ఉందిరా! మరి పిల్లకేం చెప్పారు?"

"ఓవర్‌టైం చేసి కడుతున్నానని దాని తల్లి చెబుతుంది. నా పేరు ఎత్తనని ఒట్టు వేయించాను."

ట్యాక్సక్క కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. కోపం వచ్చినప్పుడు ఎదుటివాడి మొహం మసగ్గా కనిపిస్తేనే ఆవిడకి మంచిది.

"విను. నీ రిటర్ను వెళ్ళాలంటే రెండు పనులు కావాలి. పిల్ల తన రిటర్ను సరిచేసి పంపాలి. ఫీజు ఎవరి డబ్బుతో కట్టారో ఒక కాగితం మీద తనే రాసి సంతకం పెట్టాలి. అది అబద్ధం రాయకూడదు. అంటే దానికి నిజం తెలియాలి. అంటే నువ్వు చెప్పాలి."

"అయితే నాకా తగ్గింపు వద్దు," అంటూ లేచాడు.

"వద్దా! లిఫ్టు గుంతల్లో పాకి పాకి సంపాదించింది వద్దా? కూర్చో. నువ్వు చెప్పకపోతే నేను చెబుతాను." ఆవిడ ఫోనందుకుంది.

అప్పుడు వాడు చేసిన పని చూడండి. "ఆగక్కా. కస్టమర్ సంగతి ఈ గది దాటి పోదని నీ గొప్ప కదా?" అన్నాడు.

నిజమే, అది ఆవిడ గొప్పే. ఎవరి ఆదాయమెంతో, ఎవరికి ఎక్కడ రెండో దుకాణముందో, ఎవరు ఎవరికి డబ్బు పంపుతున్నారో అన్నీ ఆవిడకి తెలుసు. ఇంతవరకూ ఒక్క ముక్క మెట్లు దిగలేదు. అందుకే ఆ వీధి మొత్తం ఆవిడ దగ్గరికొస్తుంది.

"అది కస్టమర్ల సంగతి. నువ్వు కస్టమర్వా? పుట్టి బుద్ధెరిగాక నాకు పైసా ఇచ్చావా?"

తమ్ముడు జేబులోంచి డబ్బు తీశాడు. గ్రీజు వేలిముద్రలు పడ్డ నోట్లు బల్ల మీద ఒక్కొక్కటే పెట్టి, "ఇప్పుడు కస్టమర్ని. రసీదు రాయి," అన్నాడు.

వెనక్కి మొహాన కొట్టాల్సింది. కానీ ఆవిడా అదే కడుపున పుట్టింది కదా, ఆ మొండితనం ఎక్కడికి పోతుంది? "రాయకేం!" అని బరబరా రసీదు రాసి వాడి ముందు పడేసింది. వాడు దాన్ని మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. వాడు మెట్లు దిగాక గానీ తాను చేసిన తెలివితక్కువ పని ఆవిడకి తెలిసిరాలేదు. తన నోటికి తానే తాళం వేయించుకుంది, అదీ రసీదు రాసిచ్చి మరీ.

సాయంత్రం మేనకోడలికి ఫోను చేసింది. నిజం చెప్పడానికి లేదు, కనీసం రిటర్నయినా సరిచేయిద్దామని.

"అత్తా! నీ ఫోనంటేనే భయం నాకు. ఏదో ఒక కాగితం అడుగుతావు."

"కాగితం కాదే, కొంప ముంచావు. నిన్ను రిటర్ను ఎవరు పంపమన్నారు?"

"ఫోన్లోనే పంపేశాను అత్తా. టీ చల్లారేలోపు అయిపోయింది. లైబ్రరీలో పనిచేశానుగా, ఆ జీతంలో పట్టుకున్న పన్ను వెనక్కొస్తుందంటే..."

"స్కాలర్‌షిప్పు చూపించావా అందులో?"

"అదెందుకు? అది బహుమతి కదా. పరీక్షల్లో ఫస్టొచ్చినందుకు ఇచ్చారు."

"నా తల్లీ! ఫీజుకి పోయినంత మేరకి పన్ను లేదు. గది అద్దెకని నీ చేతికిచ్చారే, అది ఆదాయమే. చూపించకపోతే రేపు నోటీసొస్తుంది. దానికేం, పడే పన్ను కొంచెమే, సరిచేద్దాం. ముందు ఇది చెప్పు. పోషించేవారు లేరని ఎందుకు పెట్టావు?"

ఈసారి వచ్చిన గొంతు ఇందాకటిది కాదు.

"ఉన్నారని ఎలా పెట్టను అత్తా? నాన్న సంబంధం లేదన్నాడు. అమ్మ పేరు పెడదామంటే, అమ్మనేమో నేను పీల్చి పిప్పి చేస్తున్నాను. రెండేసి షిఫ్టులు చేస్తోంది. రాత్రి ఫోను చేస్తే ఇంకా డ్యూటీలోనే ఉన్నానంటుంది. అందుకే మానేస్తున్నాను."

"ఏం మానేస్తున్నావు?"

"చదువు. రేపు ఐదింటికి కాలేజీ ఆఫీసు మూసేలోపు పేరు తీయించుకుంటే వచ్చే టర్ము ఫీజు కట్టక్కర్లేదు. పార్సిళ్ళ గోడౌన్లో ఉద్యోగం చూసుకున్నాను. అమ్మకి చెప్పకు, ఏడుస్తుంది. నేనే మెల్లిగా చెబుతాను."

నిజం ట్యాక్సక్క నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా రసీదు పుస్తకం తెరిచే ఉంది, దాంట్లో తమ్ముడి పేరు, తన సంతకం. ఇన్నేళ్ళలో ఎవరి సంగతీ బయటపెట్టనిది, మొదటిసారి సొంత తమ్ముడిది పెట్టాలా? పెట్టకపోతే ఈ పిల్ల బతుకు పార్సిళ్ళలో సర్దుకుపోతుంది.

"రేపు నేను వచ్చేదాకా ఎక్కడా సంతకం పెట్టకు. పెట్టావో, కాళ్ళు విరగ్గొడతాను," అని మాత్రం అని పెట్టేసింది.

తర్వాత మరదలికి చేసింది. ఆవిడ వినీ వినగానే ఘొల్లుమంది. "మానేస్తుందా! నాకు మాటమాత్రంగా కూడా చెప్పలేదే వదినా. నేనేమో ఇంట్లో మంచం మీద పడుకుని, డ్యూటీలో ఉన్నానని దానితో అబద్ధాలాడుతున్నాను. ఏం చెయ్యను, ఆయన ఒట్టు వేయించుకున్నారు."

"ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టమ్మా. ముగ్గురూ ముగ్గురే దొరికారు నా ప్రాణానికి!"

మర్నాడు పొద్దున్నే ట్యాక్సక్క తన గదికి తాళం వేసి, సంచిలో తమ్ముడి కాగితాలూ, మేనకోడలు నింపాల్సిన కాగితాలూ పెట్టుకుని, వాడు పనిచేస్తున్న మేడకి వెళ్ళింది. బేకరీ ఆయన మెట్ల మీద ఎదురై "అక్కా, నా లెక్క..." అంటే, "నీ లెక్క ఎక్కడికీ పోదు, నూనె కారుతూ ఇక్కడే ఉంటుంది," అనేసింది. తమ్ముడు కింది అంతస్తులో లిఫ్టు తలుపు విప్పి కూర్చున్నాడు. ఆవిడ వాడి ఒళ్ళో నోట్లు విసిరింది.

"ఇదిగో నీ ఫీజు. నువ్వు నా కస్టమర్వి కావు. తమ్ముడివి. బండి తియ్యి."

"ఎక్కడికి?"

"నీ కూతురు చదువు మానేస్తోంది. సాయంత్రం ఐదుకి."

వాడు చేతిలో పానా కింద పెట్టి, "ఎవర్నడిగి?" అన్నాడు.

"అదే అడుగుదువుగాని, పద."

బండి నిండా కేబుల్ చుట్టలు, గ్రీజు డబ్బాలు. కాళ్ళు పెట్టుకోడానికి చోటు లేక ట్యాక్సక్క మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చుంది. ఏడెనిమిది గంటల దారి. సగం దాటాక వాడు, "నువ్వే చెప్పక్కా. నేను కింద బండిలో ఉంటాను," అన్నాడు.

"నేనా? చచ్చినా చెప్పను. మీ మొగుడూ పెళ్ళాల నాటకానికి నేను తెర లాగాలా? నువ్వు మొదలెట్టావు, నువ్వే చెప్పు."

"నలుగురిలో అన్న మాటక్కా అది. ఎలా వెనక్కి తీసుకోను?"

"నలుగురూ ఆ పూటే అన్నం తిని మర్చిపోయార్రా! పట్టుకుని వేలాడుతున్నది నువ్వొక్కడివే."

వాడు గేరు మార్చి బండి వేగం పెంచాడు.

చేరేసరికి నాలుగు దాటింది. పిల్ల ఉండే గది నాలుగో అంతస్తులో. తమ్ముడు అన్నంత పనీ చేశాడు, బండి దిగలేదు. ట్యాక్సక్క వాడి జన్మంతా తిట్టుకుంటూ మెట్లెక్కి, రొప్పుతూ తలుపు తోసింది. గోడలనిండా పిట్టల బొమ్మలు, పెన్సిలుతో గీసినవి, ఒక్కోదాని కింద చిన్న చిన్న అక్షరాలు. కిటికీ పక్కన బైనాక్యులర్లు. మధ్యలో పుస్తకాలన్నీ కట్టలు కట్టి తాడు బిగించి ఉన్నాయి. పిల్ల అప్పుడే చివరి కట్టకి ముడి వేస్తోంది. బుగ్గలు లోపలికి పోయాయి. రెండేళ్ళ కిందట ఈ పిల్ల ఇలా లేదు.

"నువ్వేం చెప్పినా వింటాను అత్తా, కానీ మానేస్తాను," అంది, నీళ్ళ గ్లాసు చేతికిస్తూ.

"నేనేమీ చెప్పను. నా పని కాగితాలు. కూర్చో."

ముందు రిటర్ను సరిచేసే కాగితం తీసింది. గది అద్దెకి వచ్చిన స్కాలర్‌షిప్పు సొమ్ము ఆదాయంలో రాయించింది. పోషించేవారి గడి ఖాళీగా వదిలి, తర్వాతి కాగితం ముందుకు జరిపింది. 'ఈ సంవత్సరం ఫీజు ఎవరి డబ్బుతో చెల్లించబడినది?' అని అడుగుతుంది ఆ కాగితం. పిల్ల కలం పట్టుకుంది. ట్యాక్సక్క చెవులు రెండూ మెట్ల మీదే ఉన్నాయి. రారా వెధవా, రా. ఇంకెప్పుడు వస్తావు?

వచ్చాడు. బూట్ల చప్పుడు నాలుగు అంతస్తులూ ఎక్కి గుమ్మం దగ్గర ఆగింది. పిల్ల తలెత్తి చూసి, చూడనట్టే మళ్ళీ కాగితం మీదికి వంగింది. తమ్ముడి కళ్ళు మాత్రం పుస్తకాల కట్టల మీద పడ్డాయి.

"ఎవర్నడిగి మానేస్తున్నావు?" అన్నాడు. రెండేళ్ళ తర్వాత కూతురితో అన్న మొదటి మాట అది! ట్యాక్సక్క నుదురు కొట్టుకుంది.

"ఎవర్నడగాలి?" అంది పిల్ల తలెత్తకుండానే. "నా చదువుకీ నీకూ సంబంధం లేదుగా."

పిల్ల గడిలో రాసింది: అమ్మ. అక్షరాలు గట్టిగా నొక్కి మరీ రాసింది. కింద సంతకం పెట్టబోయింది.

"తప్పు," అన్నాడు తమ్ముడు.

"ఏది తప్పు?"

"అక్కడ. నువ్వు రాసింది."

"ఏం తప్పురా? నోరు విప్పి చెప్పు," అంది ట్యాక్సక్క.

"మీ అమ్మ కాదు కట్టింది."

పిల్ల కలం ఆగింది. "మరెవరు?"

తమ్ముడు అటు చూశాడు, ఇటు చూశాడు, గోడ మీది పిట్టల్ని చూశాడు. ఒక్క మాట, చిన్న మాట, గొంతు దాటి రానంటోంది. చివరికి విసుగు ముంచుకొచ్చి, "అబ్బబ్బా! ఇంకెవరుంటారే నీకు?" అని అరిచాడు.

పిల్ల వాడి మొహం చూసింది, అత్త మొహం చూసింది. అత్త తలూపింది.

"అమ్మ ఓవర్‌టైం?"

"లేదు. నేనే అలా చెప్పమన్నాను."

సంతోషిస్తుందనుకుంది ట్యాక్సక్క. పరుగెత్తుకెళ్ళి తండ్రిని పట్టుకుంటుందని, ఇక అంతా బాగైపోతుందని. పిల్ల మొహం చూస్తే అలా లేదు. కళ్ళు ఎర్రబడ్డాయి, కానీ అది కోపం.

"రెండేళ్ళు నాన్నా! సెలవులకి అందరూ ఇళ్ళకి పోతే నేనొక్కదాన్నే ఈ గదిలో ఉన్నాను. ఎందుకో తెలుసా? దారి ఖర్చులు కూడా అమ్మ మీదే పడతాయని. అమ్మకి జ్వరమొచ్చినప్పుడు కూడా రాలేదు. వస్తే అమ్మ నాకోసం ఇంకో షిఫ్టు చెయ్యాలేమోనని."

తమ్ముడు తెల్లబోయాడు. "నా మీద కోపంతో రావట్లేదనుకున్నాను," అన్నాడు.

"కోపమా? అది నెల్లాళ్ళకే పోయింది."

వాడు అలాగే పుస్తకాల కట్ట మీద కూలబడ్డాడు. గ్రీజు చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు వాటినే చూసుకున్నాడు. "నాకు ఆ పూటే పోయింది," అన్నాడు.

ట్యాక్సక్కకి ఇద్దరి తలలూ పట్టుకుని ఒకదానికొకటి కొట్టాలనిపించింది. ఏడుపు కూడా వచ్చింది. ఆ రెండూ ఒకేసారి రావడంతో మరింత చిరాకేసి, ముక్కు చీది, "అయిందేదో అయింది. ఇప్పుడైనా ఈ కాగితం సంగతి తేల్చండి," అంది. "స్కాలర్‌షిప్పుని పోషణ కింద లెక్కపెట్టరు. మిగతా ఫీజూ, పుస్తకాలూ, బట్టలూ, ఫోను బిల్లూ అన్నీ వీడివే. కాబట్టి దీని పోషణ వీడిదే. ఇక స్కాలర్‌షిప్పులో అద్దె భాగానికి పన్ను పడుతుంది, అది పిల్ల కట్టుకోవాలి."

"పన్నా? దాని బుర్రకిచ్చిన బహుమతి మీద పన్నేమిటి?" తమ్ముడు అంతలోనే ఇంతెత్తున లేచాడు. "అదెంతో నాకు చెప్పక్కా. దానికి తెలియకుండా నేను..."

ఎదురుగా కూతుర్ని పెట్టుకుని దానికి తెలియకుండా అంటున్నాడు, మహానుభావుడు!

"చాలు నాన్నా!" అంది పిల్ల. గొంతు గది దాటి మెట్ల దాకా వినిపించింది. "ఇక చాటుగా ఏదీ వద్దు. ఆ పన్ను నాది, నేను కట్టుకుంటాను. ఫీజు నువ్వు కడితే నా ఎదురుగా కట్టు. తిడితే నా ఎదురుగా తిట్టు. అలా అయితేనే చదువుతాను, లేకపోతే ఇప్పుడే వెళ్ళి పేరు తీయించేసుకుంటాను."

తమ్ముడు కూతుర్ని తేరిపార చూశాడు. ఇంతసేపటికి ఇప్పుడు చూస్తున్నాడు సరిగ్గా.

"తిట్టనా?" అన్నాడు.

"తిట్టు."

"ఏం తింటున్నావే అసలు?" అని మొదలుపెట్టాడు. "ఆ బుగ్గలేమిటి, ఆ మెడేమిటి? ఆకలేస్తే ఫోను చెయ్యడానికి చేతులు పడిపోయాయా? నేను మాటనేస్తే నువ్వూ పట్టుకు కూర్చుంటావా? చిన్నదానివి, నీకైనా బుద్ధుండొద్దా?" తిట్టుతిట్టుకీ గొంతు బొంగురుపోతోంది, అయినా ఆపడు. "ఒక్కదానివీ ఈ గదిలో..." అన్నాడు, ఇక ఆ పైన మాట రాలేదు.

పిల్ల ఏడుస్తూనే 'అమ్మ' అన్నది కొట్టేసి పక్కన 'నాన్న' అని రాసింది. ఖాళీగా ఉన్న గడిలో 'ఉన్నారు' అని పెట్టింది. రెండు చోట్లా సంతకం చేసి, కాగితాలు అత్త వైపు నెట్టి, తండ్రి కూర్చున్న పుస్తకాల కట్ట తాడు విప్పడానికి వంగింది. వాడు లేవలేదు. లేవమని అదీ అడగలేదు. ట్యాక్సక్క కాగితాలు సంచిలో పెట్టుకుని గోడ గడియారం చూసింది. ఐదు దాటిపోయింది.